సగం తడిసిన సాలు

గద్వాల నుంచి వనపర్తి వెళ్లే బస్సులో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, సేద్యం ఆటను దానంతటదే ఆడించే స్క్రిప్టును పరీక్షిస్తున్నాను. ఎప్పుడూ ఒకే వరుసలో పనిచేస్తే ఆడేది మనిషి కాదని ఆట పసిగట్టి ఆపేస్తుంది. అందుకని నిమిషానికోసారి ఏదో ఒక పనికి మారేలా రాశాను. పంట మాత్రం ఎండిపోతూనే ఉంది. సగంలో మానేసిన నా రెండు కోర్సుల్లా దీన్నీ వదిలేద్దామనుకున్నాను.

పక్క సీటులో ఒక పెద్దమ్మ తెర మీది రైతుబొమ్మనే చూస్తోంది. పత్తి విత్తన చేలో మొగ్గలు గిల్లి వస్తున్నట్టుంది, వేళ్లు పసరుబారి ఉన్నాయి.

"సాలు సగమే తడిసె. గాయన కట్టెలకు వోయిండేంది?" అంది.

"పని మారుస్తుంటడు పెద్దమ్మా. నేనే గట్ల చెప్పిన."

"మార్చనీ బిడ్డా. మేం మార్చమా? మొగ్గ గిల్లుతం, కలుపు తీస్తం, మేకకు మేతేస్తం. గానీ పట్టిన సాలు ఒడవనీ, అటెనక పో."

పెబ్బేరులో ఆమె దిగిపోయింది. చేతిలో పని పూర్తయ్యాకే మరో పనికి మారాలని ఒక్క లైను చేర్చాను. వనపర్తి చేరేలోపు మొదటి పంట కోతకొచ్చింది.

ఆ లైను పక్కన 'సాలు ఒడవనీ' అని రాసుకున్నాను. ఆ తర్వాత చేరిన మూడో కోర్సు నోటుపుస్తకం అట్ట మీదా అదే ఉంది. ఆ పుస్తకంలో ఇక రెండు పేజీలే ఖాళీ.