బండి చల్లగున్నప్పుడే చూడాలె

మొన్న ఆదివారం మా చెల్లెలి అల్లుడు ఒక పాత కారు తెచ్చి మా గేటు ముందు ఆపాడు. కొందామనుకుంటున్నానని, ఒకసారి చూసిపెట్టమని అడిగాడు. బండి తళతళ మెరుస్తోంది. లోపల అత్తరు కొట్టినట్టున్నారు, తలుపు తీయగానే గుప్పుమంది. నేను ఆ వాసన జోలికి పోకుండా బానెట్ మీద అరచెయ్యి ఆనించాను. పెనంలా కాలింది. "రేపు పొద్దుగాల ఆరింటికి అమ్మేటాయన ఇంటికే వస్త. అప్పటిదాంక ఎవ్వలూ స్టార్ట్ చెయ్యొద్దని చెప్పు" అన్నాను. పిల్లవాడు నన్ను వింతగా చూశాడు. చూడనీ. ముప్పై ఏళ్లుగా నల్లగొండలో కిరాయి బండ్లు తిప్పుతున్నదాన్ని, ఆ మాత్రం నాకు తెలుసు. అది నాకు నేర్పిన మనిషి ఖాసీం చాచా.

చాచా మెకానిక్ షెడ్డు మేము కిరాయికి ఉన్న ఇంటి గోడకు ఆనుకునే ఉండేది. పొడుగాటి మనిషి, నెరిసిన గడ్డం, ఒక కాడ విరిగితే దారంతో చెవికి కట్టుకున్న కళ్లద్దాలు. రిపేరు కంటే ఆయనకు ఇంకో పనిలో పేరు ఎక్కువ. ఎవరు పాత బండి కొనాలన్నా ముందు ఆయనకు చూపించేవాళ్లు. దేవరకొండ నుంచి, అచ్చంపేట నుంచి కూడా వచ్చేవాళ్లు. దానికి ఆయన తీసుకునేది ఒక చాయ్, అంతే. బండి బాగాలేకపోయినా అమ్మేవాడి ముందు ఒక్క చెడ్డమాట అనేవాడు కాదు. "ఇంకోటి చూద్దం తియ్" అనేవాడు. ఆ మాటతో బేరం ముగిసిపోయేది.

మాకు ఆయన అవసరం తొంభైల మొదట్లో పడింది. మా ఆయన నర్సింహ ఒక మిల్లు యజమాని దగ్గర డ్రైవరు. ఆ యజమాని ఉన్నట్టుండి కారు అమ్మేసి, ఇక రావద్దన్నాడు. మాకు చంకలో ఒక పిల్ల, బడికి పోయే కొడుకు. మా అమ్మ నా పేరున రాసిన రెండెకరాల చెలక అమ్మి, ఒక అంబాసిడర్ కొని, యాదగిరిగుట్టకు పోయే యాత్రికులకు కిరాయికి తిప్పుదామని నేనే అన్నాను. అన్నానే గానీ లోపల ఒకటే గుబులు. చెలక ఒక్కసారే అమ్ముడుపోతుంది. చెడ్డ బండి పడిందంటే మేమిద్దరం కూలికి పోవాల్సిందే, పిల్లవాడి బడి కూడా ఆగిపోతుంది.

మా ఆయనకేమో ఓపిక తక్కువ, మురిపెం ఎక్కువ. భువనగిరిలో ఒక తెల్ల అంబాసిడర్ చూసి మనసు పారేసుకున్నాడు. చాచాకు చూపించక ముందే, అమ్మేవాడిని బతిమాలి, దాన్ని గుట్టకు తోలుకుపోయి పూజ చేయించాడు. పసుపు, కుంకుమ, బంతిపూల దండ, టైర్ల కింద నిమ్మకాయలు, అన్నీ అయ్యాయి. ఇంకా కొనని బండికి పూజ చేయించిన మొగుడు ఈ జిల్లా మొత్తంలో నాకొక్కదానికే దొరికాడు. మధ్యాహ్నానికి దాన్ని షెడ్డు ముందు నిలబెట్టి హారన్ కొట్టాడు. చాచా వచ్చి, దండ పక్కకు జరిపి, బానెట్ మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు. ఉడుకుతున్న బండిని తాను చూడనని, తెల్లారేదాకా అక్కడే ఉండనిమ్మని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు.

తెల్లవారి తాళం తిప్పితే ఆ బండి దగ్గింది, తుమ్మింది, లేవలేదు. చాచా నన్ను పిలిచి రేడియేటర్ మూత తీసి చూపించాడు. లోపలంతా సున్నం పూసినట్టు తెల్లగా పెచ్చు కట్టి ఉంది. ఇది ఉప్పునీళ్లు తాగిన బండి అన్నాడు. మా దిక్కు బోరు నీళ్లు అంతే కదా, బిందె అడుగున కూడా అదే తెలుపు పేరుకుంటుంది. ఆ నీళ్లే పోసి నడిపితే లోపలి సన్న గొట్టాలు పూడిపోతాయని, ఇంజను ఉడికిపోతుందని విడమరిచి చెప్పాడు. గిరాకీ వచ్చే ముందు అమ్మేవాళ్లు బండిని కాసేపు నడిపి వేడి చేసి పెడతారట. అప్పుడు ఎంత ముసలి బండైనా ఒక్క తాళానికే లేస్తుందట. మా ఆయన ముఖం వాడిపోయింది. పూజ చేసిన బండిని వాపస్ ఇస్తే స్వామికి కోపం రాదా అని నసిగాడు.

"సామి రోడ్డు మీద కాపాడుతడు నర్సింహ" అన్నాడు చాచా. "రేడియేటర్ల నీళ్లు మనమే చూసుకోవాలె."

ఆ రోజుతో ఆయన మా ఆయన్ని వదిలేసి నాకు చెప్పడం మొదలుపెట్టాడు. బండికంటే ముందు అది నిలబడిన జాగాలో నేల చూడమనేవాడు, ఆయిలు మరకలుంటే అక్కడే తెలుస్తుందని. ఆయిలును రెండు వేళ్ల మధ్య రాసి చూడమనేవాడు, గరగరలాడితే లోపల ఇనుము అరుగుతున్నట్టు. ఆయిలు మూత కింద పాలు పోసిన చాయ్ రంగులో నురగ కనబడితే ఇంజనులోకి నీళ్లు దిగినట్టు, ఆ బండి పక్కన నిలబడను కూడా నిలబడొద్దని చెప్పాడు. పిల్లను చంకనేసుకుని ఆయన వెంట ఐదారు బండ్లు చూశాను. బండ్లు చూడ్డానికి ఆడమనిషా అని షెడ్డులో నవ్వినవాళ్లున్నారు. "ఈమెకు తొందర లేదు" అని మాత్రం అన్నాడు చాచా. నన్ను అంతగా మెచ్చుకున్న మాట ఇంకోటి నేను వినలేదు.

మూడు నెలలు గడిచాయి. చెలక అమ్మిన డబ్బు తిండికి కరిగిపోతోంది. సరిగ్గా అప్పుడే చాచా తన సొంత అంబాసిడర్ అమ్ముతానన్నాడు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి, హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేయించుకోవాలి. మా ఆయన ఎగిరి గంతేశాడు. చాచా బండిని చూసేదేముంది, కళ్లు మూసుకుని తీసుకుందామన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనిపించింది. చూస్తానంటే ఆయన్ని అవమానించినట్టవుతుందని భయపడ్డాను. చూడనవసరం లేదని చెబితే ఆయనకే కోపం వచ్చింది.

"చూడకుంట కొంటవా? నేను నేర్పింది గిదేనా? పొద్దుగాల రా. చల్లగున్నప్పుడు చూడు."

వెళ్లాను. ఒక్క తాళానికే లేచింది. రేడియేటర్ శుభ్రంగా ఉంది. నా గుండె తేలికపడింది. చివరికి ఆయిలు మూత తిప్పి తీశాను. మూత కింద పాలు పోసిన చాయ్ రంగు నురగ. గుడ్డతో తుడిచి, ఇంజను కాసేపు తిప్పి మళ్లీ చూశాను. మళ్లీ వచ్చింది. చాచా మూరెడు దూరంలో నిలబడి నా వైపే నవ్వుతూ చూస్తున్నాడు. ఆయనకు కనబడలేదు. వద్దంటే ఆయన ఆపరేషన్ ఆగుతుంది, సరేనంటే నా పిల్లల కూడు పోతుంది. వెనక నుంచి మా ఆయన నా మోచెయ్యి నొక్కాడు. పెద్దాయన, ఊరుకో, తర్వాత బాగు చేయించుకుందాం అని ఆ నొక్కుడుకు అర్థం.

"ఈ బండి నాకొద్దు చాచా" అన్నాను.

చాచా చెయ్యి చాపాడు. ఆ నురగ ఆయన వేలికి రాశాను. నలిపి చూశాడు, వాసన చూశాడు, కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "చాయ్ రంగుందా?" అని అడిగాడు. "చాయ్ రంగే చాచా" అన్నాను. నాకు ఏడుపాగలేదు. ఆయన వేలు గుడ్డకు తుడుచుకుని, బానెట్ మూసి లోపలికి వెళ్లిపోయాడు.

మా ఆయన నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు ఆ కారు కోసం మిర్యాలగూడ నుంచి ఒకాయన వచ్చాడు. గోడ ఇవతల నుంచి విన్నాను. బానెట్ ఎత్తకముందే చాచా, ఇంజనులోకి నీళ్లు దిగుతున్నాయని, పక్కింటి బిడ్డ పట్టిందని చెప్పేశాడు. దానికి వచ్చిన ధరకే అమ్మాడు. తక్కువ పడిన డబ్బు ఆయన కొడుకులు సర్దారు. ఆపరేషన్‌కు ఇంకా వారం ఉందనగా మా వాకిట్లోకి వచ్చి, అచ్చంపేటలో ఒక బండి ఉంది, వాగు నీళ్లు తాగిన బండి, లోపల సున్నం పట్టి ఉండదు, బయల్దేరమన్నాడు.

ముందురోజే బస్సులో వెళ్లి ఆయన చుట్టాలింట్లో దిగాం. పొద్దున్నే అమ్మే రైతు ఇంటికి పోయి చూస్తే, పాచి రంగు అంబాసిడర్, ఒక తలుపు సొట్టపోయి ఉంది. మా ఆయన ముఖం చిట్లించాడు. చాచా బానెట్ దగ్గరికి రానే లేదు. వెనక తలుపు తీసుకుని సీట్లో కూర్చున్నాడు. నేను ఒక్కదాన్నే గంటసేపు చూశాను. నేల చూశాను, నీళ్లు చూశాను, ఆయిలు మూత మూడుసార్లు తీసి చూశాను. ఎక్కడా తప్పు దొరకలేదు. అయినా ధైర్యం చాలక కిటికీ దగ్గరికి వెళ్లి, ఎట్లుంది చాచా అని అడిగాను.

"నన్నడుగుతవేంది బిడ్డా?" అని నవ్వాడు. "నా బండినే వద్దన్నదానివి. నువ్వు మంచిగుందంటే తోలుకపోదం."

తీసుకుందామన్నాను. ఆ బండి పదకొండేళ్లు మాకు అన్నం పెట్టింది. ఆపరేషన్ అయి కళ్లకు కట్లు విప్పిన తర్వాత దాన్ని తొలిసారి సరిగ్గా చూసిన చాచా, "ఇంత గలీజు రంగని జర చెప్పొద్దా?" అని నన్ను తిట్టాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా దగ్గరికి బండ్లు చూపించుకోవడానికి జనం వస్తారు. పరాయివాళ్ల బండిని ఒకసారి చూస్తాను. నాకు ప్రాణమైనవాళ్ల బండి అయితే రెండుసార్లు చూస్తాను.