పదకొండో రూలు

దర్జీగారి పెద్దమ్మాయిని కొండలెక్కే పిల్లల దళంలో అందరూ 'పద్ధతి' అనే పిలిచేవారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. పదిహేడేళ్ళ పిల్ల. ఎవరైనా "పోనీలే, ఈసారికి" అన్నారంటే చాలు, ముక్కు ఎర్రబడేది. చొక్కాకి గుండీలు పైనుంచి కిందికే కుట్టాలి. మధ్యలో మొదలుపెట్టినవాళ్ళ చేత దారం తెంపించి మళ్ళీ కుట్టించేది. ఈ పిల్లని భరించేవాడు ఎక్కడ దొరుకుతాడో అని తల్లి బెంగ. బెంగ దేనికి? ఇలాంటివాళ్ళు నలుగురుండబట్టే మిగతావాళ్ళం ఇంత నిర్లక్ష్యంగా బతికేస్తున్నాం.

చెల్లెలు పూర్తిగా వేరే రకం. పుట్టుకతో చెవులు వినపడవు గానీ, చేతులతోనే ఇల్లు పీకి పందిరేసేది. దుకాణంలో నాలుగు మిషన్లు ఒక్కసారిగా తిరుగుతుంటే చెవులున్నవాళ్ళకీ ఏమీ వినపడదు కాబట్టి అక్కడ అందరిదీ చేతి భాషే. నాన్న టేపు పెట్టి కొలిచి వేళ్ళు చూపించేవాడు. గది అవతలి మూల నుంచి చెల్లెలు చూసి పుస్తకంలో రాసేసేది. ఒక్క అంకె తప్పిపోయేది కాదు.

ఆ పిల్లకి ఉన్నది ఒకటే కోరిక, కొండబాట దళంలో చేరడం. ప్రతి ఆదివారం యాభైమందికి పైగా పిల్లలు మెడలో ఆకుపచ్చ రుమాళ్ళు కట్టుకుని కొండలెక్కేవారు. ఆ రుమాళ్ళ అంచులన్నీ కుట్టింది చెల్లెలే. ఒక్కటీ తన మెడలో పడలేదు. రూల్ పుస్తకంలో పదకొండోది అడ్డు: "ఈల పిలుపు విని బదులు పలకగలిగినవారినే కొత్త సభ్యులుగా చేర్చుకోవాలి."

ఆ రూలు రాసింది దళం అధ్యక్షుడు, రిటైరైన రైల్వే గార్డు. అందరికీ ఆయన మాస్టారే. చెడ్డవాడు కాదు, పాపం. ముప్పై ఏళ్ళ కిందట పొగమంచులో ఒక కుర్రాడు ఈల వినపడక లోయలోకి దిగిపోయాడు. మర్నాటికి గాని దొరకలేదు. ఆ భయం ఆయన గుండెల్లో అలాగే ఉండిపోయింది.

పధ్నాలుగేళ్ళు నిండితే కొత్తగా చేర్చుకోరు. చెల్లెలికి పధ్నాలుగు నిండేది సర్వసభ్య సమావేశమైన పదిరోజులకి. రూలు ఈ ఏడు మారకపోతే ఇక ఎప్పుడు మారినా ఆ పిల్లకి ఒరిగేదేమీ లేదు.

పద్ధతి రూల్ పుస్తకం చివరి పేజీ తీసింది. అప్పటిదాకా ఆ పేజీ ఎవరూ తిప్పిన పాపాన పోలేదు. మార్పు కావాలంటే కాగితం మీద రాసివ్వాలి, వరసగా మూడు నెలల సమావేశాల్లో చదవాలి, ఆఖరికి మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతులు చేతులెత్తాలి.

"ఇన్నా? అందరం కలిసి ఒక ఆదివారం నడక మానేద్దాం. దెబ్బకి దిగొస్తారు," అన్నాడు బేకరీవాళ్ళ అబ్బాయి. వాడికి దళం పెట్టిన పేరు 'తొందర'.

"నడక మానేస్తే మన కాళ్ళే ఊరుకుంటాయి. రూలు ఎక్కడికీ పోదు. నువ్వు కార్బన్ కాగితం పట్రా," అంది పద్ధతి.

మొదటి నెల చదివినప్పుడు సగంమంది ఆవలించారు. రెండో నెల మాస్టారు, "కొండమీద ఏదైనా జరిగితే జవాబు ఎవరు చెప్తారమ్మా?" అని అడిగారు. సరైన ప్రశ్నే. మూడో నెలకి పద్ధతి జవాబు రాసుకొచ్చింది: నడక వరసలోనే సాగుతుంది కాబట్టి, ఈల వినగానే ఎవరికి వారు ముందున్నవాళ్ళ భుజం తట్టాలి. ఒక ఆదివారం చేసి చూపించారు కూడా. ఆ తట్టుడులో పిల్లలకి ఎంత సరదా పుట్టిందంటే, ఈల లేకుండానే రోజంతా ఒకరినొకరు వాయించుకున్నారు. మాస్టారు నవ్వలేదు.

సమావేశానికి వారం ముందు ఆయన కొత్త చొక్కా కుట్టించుకోవడానికి వచ్చారు. కరెంటు పోయి మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. నాన్న ఆయన వెనక నిలబడి వీపు కొలుస్తూ, "కాలరు కాస్త వదులుగా పెట్టమంటారా?" అని అడిగాడు. మాస్టారు పలకలేదు. ముందుకొచ్చి అదే మాట అడిగితే వెంటనే, "వద్దు, బిగుతుగానే ఉండనీ," అన్నారు.

చెల్లెలు అక్కని మోచేత్తో పొడిచి, చేతులతో చెప్పింది. 'ఆయన పెదాలు చూస్తున్నాడు. నాలాగే.'

ఈ సంగతి తెలిసి తొందర ఎగిరి గంతేశాడు. "ఇంకేం! మీటింగులో లేచి, మీకు ఈల వినపడుతోందా మాస్టారూ అని అడిగేద్దాం. ఆయన రూలు ఆయనకే చుట్టుకుంటుంది!"

పద్ధతి ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. ఒక్క మాటంటే చెల్లెలి పని అయిపోతుంది. తెల్లారి చెల్లెల్నే అడిగింది. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. 'నలుగురిలో నన్ను అలా చూపిస్తే నాకెలా ఉంటుంది?'

"చెల్లెలు వద్దంది," అని పద్ధతి బేకరీ కుర్రాడికి చెప్పేసింది. "మనం మార్చాల్సింది రూలుని. మనిషిని పడగొట్టడం కాదు. నోరు మూసుకో."

సమావేశం నాడు హాలు రేకుల మీద వాన దంచికొట్టింది. మాస్టారుతో కలిపి సభ్యులు యాభై నలుగురూ వచ్చారు. కావలసినవి ముప్పై ఆరు చేతులు. సభ్యురాలు కాదు కాబట్టి చెల్లెలు గుమ్మం దగ్గర నిలబడింది. దళంలో ఓటు కళ్ళు మూసుకునే వేయాలి, ఎవరూ ఎవర్నీ చూసి చెయ్యెత్తకుండా. అధ్యక్షుడి ఓటు మాత్రం అందరిదీ అయ్యాక, వెయ్యడం మానడం ఆయన ఇష్టం.

పద్ధతి కళ్ళు మూసుకుని చెయ్యెత్తింది. లెక్కపెడుతున్న లైబ్రరీ మేడమ్ చెప్పుల చప్పుడు వరసల మధ్య తిరిగింది. లెక్క అయిందన్న గుర్తుగా ఆవిడ ఈల ఊదింది. కళ్ళు తెరిచారు.

"ముప్పై అయిదు," అంది మేడమ్.

ఒక్కటి. ఒక్క చెయ్యి తక్కువ! పద్ధతికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మాస్టారు మాత్రం వానకేసీ మేడమ్‌కేసీ అయోమయంగా చూస్తున్నారు. ఆవిడ కాగితం మీదికి వంగి ఉంది, పెదాలు కనపడటం లేదు. అప్పుడు గుమ్మంలోంచి చెల్లెలు చెయ్యి పైకెత్తింది. ఛాతీ కొలత చెప్పినట్టే మూడు వేళ్ళు, తర్వాత అయిదు. ఆ తర్వాత ఒంటి వేలు చూపించి, అది లేదన్నట్టు చెయ్యి తిప్పింది.

మాస్టారు ఆ వేళ్ళు లెక్కపెట్టుకున్నారు. తర్వాత మెల్లగా తన చెయ్యి ఎత్తారు.

"మేడమ్ చెప్పింది నాకు వినపడలేదు. రెండేళ్ళుగా సరిగా ఏదీ వినపడటం లేదు. చెప్పడానికి సిగ్గేసింది," అన్నారు. అంతలోనే ఆయన ముఖం మారిపోయింది. "అన్నట్టు, ఆ రూలు ప్రకారం నేనే సభ్యుణ్ణి కానేమో! మరి నా ఓటు చెల్లుతుందా?"

పద్ధతి ఆయనకి ఎదురుగా వెళ్ళి, పెదాలు కనపడేలా నిలబడి చెప్పింది. "చెల్లుతుంది మాస్టారూ. రూలులో 'కొత్త సభ్యులు' అని ఉంది. మీరు పాతవారు. నేను ఎన్నిసార్లో చదివాను."

హాలంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది మాస్టారే. తొందర ముందున్నవాడి భుజం తట్టాడు, వాడు ఇంకొకడిది, అలా అలా ఆ తట్టుడు గుమ్మం దాకా వెళ్ళి చెల్లెలి భుజం మీద పడింది.

ఆ పిల్ల ఒక్క ఉదుటున లోపలికొచ్చి, సంచిలోంచి ఆకుపచ్చ రుమాలు తీసింది. ఎప్పుడు కుట్టి దాచుకుందో ఏమో, మడతలు గట్టిపడిపోయాయి. మెడకి చుట్టుకోబోయింది.

పద్ధతికి ముక్కు ఎర్రబడింది. దరఖాస్తు రాయలేదు, సంతకం పెట్టలేదు, ప్రమాణం చదవలేదు, అప్పుడే రుమాలా! చెల్లెలి చెయ్యి పట్టుకుని ఆపింది. తర్వాత ఆ రుమాలు తనే తీసుకుని, చెల్లెలి మెడకి ముడి వేసింది.

"పోనీలే," అంది, "ఈసారికి."