పౌడరు చల్లిన ఇంజిన్

ఆ ఉపాయం ఏ పుస్తకంలో చదివావని అందరూ అడిగారు. అది నాకు ఎలుకల వల్ల తట్టిందని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ తరలిపోయాక అక్కడి ఎలుకలు పక్కనే ఉన్న మా కిరాయి ఇంట్లోకి వచ్చిపడ్డాయి. బియ్యం డబ్బా దగ్గర కనిపిస్తున్నాయని నాన్న ఆ మూలనే సిమెంటు పూసేవాడు. అమ్మ మాత్రం పడుకునే ముందు వంటగది ఊడ్చి, నేలంతా పలచగా గోధుమపిండి చల్లేది. తెల్లారి చూస్తే బుజ్జి పాదాల వరుస గ్యాస్ బండ వెనక కన్నం దగ్గర మొదలయ్యేది.

ఎల్బీనగర్‌లో నేను విమానాల రిపేరు నేర్చుకునే సంస్థ ఆవరణలో ఒక చిన్న పాత విమానం ఉంది. అది ఎగరదు, ఇంజిన్ నడిపి నేర్చుకోవడానికే. ఆ చలికాలం నడిపిన ప్రతిసారీ దాని ఆయిల్ తగ్గిపోయేది. పొట్ట కిందంతా నల్లటి చారలు. వెనక సిలిండర్ మూత తడిగా ఉందని దాని కింద ఆయిల్ కారకుండా వేసే గ్యాస్కెట్ మార్చారు, మళ్లీ మార్చారు. ఆగలేదు.

"లోపల పిస్టన్ రింగులు అరిగి ఆయిల్ మండిపోతున్నట్టుంది. సోమవారం ఇంజిన్ దింపి పంపించేద్దాం" అన్నారు సార్.

పంపితే ఎప్పుడు తిరిగొస్తుందో తెలియదు. మా బ్యాచ్ ఒక్కసారైనా సొంతంగా ఇంజిన్ నడపకుండానే చదువు ముగించేస్తుంది.

కానీ స్పార్క్ ప్లగ్గులు తీసి చూసింది నేను. అవి పొడిగా ఉన్నాయి. ఆయిల్ లోపల మండుతుంటే అలా ఉండవు. బయటికే కారుతోంది. కారినదాన్ని ప్రొపెల్లర్ గాలి వెనక్కి కొట్టి అంతటా పులిమేస్తోంది. మేమూ నాన్నలాగే, కనిపించిన చోట పూడుస్తున్నాం.

హాజరు పలికేటప్పుడు నా గొంతు నాకే వినపడదు. చాలాసేపు సార్ వెనకే తిరిగి, చివరికి అన్నాను.

"సార్... దింపేముందు ఒకసారి పౌడరు చల్లి చూద్దామా?"

"ఏం పౌడరమ్మా?"

"ముఖానికి రాసుకునేది, సార్."

వర్క్‌షాపు మెకానిక్ అన్న పకపకా నవ్వాడు. "ఏంది చెల్లె, ఇంజన్‌కు పెండ్లిచూపులా? బొట్టు గూడ పెడ్దామా?"

సార్ నవ్వలేదు. "చల్లు చూద్దాం. పోయేదేముంది?"

దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు దగ్గర కొన్న డబ్బా బ్యాగులోనే ఉంది. ఇంజిన్ అంతా కడిగి ఆరబెట్టాం. గాలి పీల్చే దారికి గుడ్డ అడ్డుపెట్టి పౌడరు చల్లాను, గుడ్డ తీసేశాను. అన్న స్టార్ట్ చేశాడు. తెల్లటి మబ్బు లేచి, గోడ అవతల డాబా మీద ఆరేసిన బట్టల మీద వాలింది. అక్కడొకావిడ చేతులు తిప్పుతూ తిట్టడం కనిపించింది గానీ వినపడలేదు.

కారింది వెనక్కి పాకేలోపే ఇంజిన్ ఆపించి, టార్చి వేసి వంగాను. వెనక మూత తెల్లగా, పొడిగా ఉంది. ముందు సిలిండర్ కింద, ఒక సన్నటి గొట్టం ఇంజిన్‌లోకి దిగేచోట మాత్రం పౌడరు తడిసి గోధుమరంగు గీత పడింది. అక్కడి చిన్న రబ్బరు రింగు ఎండి చిట్లిపోయింది.

"ఇక్కడే! ఇదే, సార్!"

నా అరుపు షెడ్డు రేకులకు తగిలి మోగింది.

రింగు మార్చి మళ్లీ నడిపితే ఆయిల్ పోసినంతా అలాగే ఉంది. దింపేయాల్సిన ఇంజిన్‌ను సోమవారం పొద్దున నేనే స్టార్ట్ చేశాను. సాయంత్రం గేటు దాటుతుంటే అన్న వెనకనుంచి కేకేశాడు.

"చెల్లె, రేపు ఇంకో డబ్బ తే! ఎనక షెడ్డుల ఇంజన్ గూడ కారుతున్నది. గీసారి జర మంచి వాసనది తే!"