కత్తక్క చిటికెన వేలు

వ్యవసాయ కళాశాల నర్సరీలో అంటు కట్టే మనిషిని అందరూ కత్తక్క అంటారు. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉండే ఉంటుంది, దానితో ఎవరికీ పని పడలేదు. ఇరవై ఆరేళ్ళుగా అదే పీట, అదే కత్తి. చేరిన ఏడాదే ఆ కత్తి జారి ఎడమ చేతి చిటికెన వేలు లోతుగా తెగింది. అప్పటినుంచి ఆ వేలు ముడుచుకోదు, నిటారుగా నిలబడి ఉంటుంది. సూది గుచ్చినా దానికి తెలియదు.

ఆమె భర్త కాలేజీ లారీ నడిపేవాడు. లోకంలోని కబుర్లన్నీ ఆయన దగ్గరే ఉండేవి. ఇంట్లో ఆమె ఏ మూట కట్టబోయినా, మాటలాపకుండానే వచ్చి ముడి మీద తన వేలు పెట్టి అదిమేవాడు. కిందటేడు పోయాడు. ఆ రోజు కూడా ఆమె కళ్ళు తడవలేదు. గుండె రాయి చేసుకుందని చుట్టాలన్నారు. ఆమె ఏమీ చేసుకోలేదు. వేలికున్న మొద్దుతనం ఒళ్ళంతా పాకింది, అంతే. వారం తిరక్కుండానే పనిలోకి వచ్చేసింది. ఇంట్లో ఉంటే గోడల మొహం చూడాలి, ఇక్కడైతే పొద్దు పోతుంది. ఆమెకి కావలసిందల్లా అదొక్కటే.

ఆ పొద్దుకే ఇప్పుడు ఎసరొచ్చింది. ఇంకో రెండు నెలల్లో రిటైర్మెంటు. పరాయి దేశపు విశ్వవిద్యాలయంతో కాలేజీకి ఒప్పందం ఉంది. ఏటా ఎనిమిది మంది పిల్లలు వచ్చి ఆరు వారాలుండి అంటు కట్టడం నేర్చుకుంటారు, ఆ మార్కులు అక్కడా చెల్లుతాయి. నేర్పడానికి కత్తక్క ఉండాల్సిందేనని చెప్పి, రెండేళ్ళు పొడిగింపు అడుగుదామనుకున్నారు హెడ్డు సారు. ఈలోగా అవతలివాళ్ళు అడ్డం తిరిగారు. రెండేళ్ళ క్రితం తామే వచ్చి ఆమె చేతుల్ని వీడియో తీసుకెళ్ళారు కదా, అది చూసి పిల్లలు నేర్చుకోలేరా, వేరే మనిషెందుకన్నారు. ఆఖరికి ఒక పరీక్ష పెట్టుకున్నారు. వీడియో మాత్రమే చూసి వచ్చిన ఎనిమిది మంది తలా ఇరవై మొక్కలకి అంటు కడతారు. నెల తర్వాత లెక్క చూస్తారు. నూటికి డెబ్బై బతికితే ఇక నేర్పే మనిషి అక్కర్లేదు.

హెడ్డు సారు దాపరికం లేని మనిషి. "నువ్వు దగ్గరే ఉండక్కా, కానీ ఏమీ చెప్పకు. అవి చస్తే నీకు రెండేళ్ళు. బతికితే నా చేతిలో ఏమీ లేదు" అన్నారు.

పరీక్ష రోజు పొద్దున షెడ్డులో ఎనిమిది మందీ బల్లల ముందు కూర్చుని కత్తులు పట్టారు. ఎనిమిది ఎడమ చేతులు, ఎనిమిది చిటికెన వేళ్ళు, అన్నీ నిటారుగా నిలబడి ఉన్నాయి. తనని వెక్కిరిస్తున్నారేమో అనుకుంది కత్తక్క. హెడ్డు సారు వాళ్ళ పాఠం పుస్తకం తిరగేసి చదివి చెప్పారు: నాలుగో అంచె, టేపు చుట్టునప్పుడు ఎడమ చిటికెన వేలిని కాండానికి దూరముగా, నిటారుగా ఉంచవలెను. వీడియో చూసి ఎవరో మహానుభావుడు తూచా తప్పకుండా రాసిపెట్టాడు. కళ్ళజోడు జారిపోయేలా నవ్వారు సారు. ఆమెకి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు.

ఆమె సంగతి వేరు. కాండం కదలకుండా ఆనించి పట్టాల్సిన వేలి పనిని మోకాళ్ళకి అప్పజెప్పింది. మొక్క సంచిని రెండు మోకాళ్ళ మధ్య నొక్కిపెట్టి కడుతుంది. కెమెరా చేతులదాకానే చూసింది. ఈ పిల్లలేమో సంచిని బల్ల మీద పెట్టుకున్నారు. టేపు చుడుతుంటే కాండం ఊగుతోంది, కోసి అమర్చిన పుల్ల పక్కకి జారుతోంది. ఇలాంటివి నూటికి పది కూడా బతకవు. రెండేళ్ళు ఒళ్ళో పడ్డట్టే. నోరు మూసుకుని పీట మీద కూర్చుంటే చాలు.

కూర్చుంది. తలా రెండు మొక్కలు కట్టేదాకా కూర్చుంది. హెడ్డు సారు ఫోనొస్తే బయటికి వెళ్ళారు. మూడో బల్ల దగ్గరి అమ్మాయి కోత ఎంత చక్కగా ఉందో, వంక పెట్టడానికి లేదు. కట్టబోతే జారింది. విప్పింది, మళ్ళీ కట్టింది, మళ్ళీ జారింది. తప్పు తన కోతలోనే ఉందనుకుని, బంగారంలాంటి పుల్లని మళ్ళీ చెక్కడం మొదలుపెట్టింది.

కత్తక్క చెయ్యి ఊరుకోలేదు. లేచి వెళ్ళి ఆ అమ్మాయి వేలు పట్టుకుని, ముడిచి, కాండానికి ఆనించింది. ఎంత సుళువుగా ముడుచుకుందో! దాన్ని అలాగే పట్టుకుని కాసేపు నిలబడిపోయింది. తర్వాత మిగతా ఏడుగురి దగ్గరికీ వెళ్ళింది. ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడినా వాళ్ళకి అర్థం కాదు.

నెల తిరిగింది. నూట అరవైలో నూట నలభై మూడు చిగురు వేశాయి. చచ్చిన పదిహేడులో పదహారు అందరూ మొదట కట్టిన రెండేసి మొక్కలు. హెడ్డు సారు అంత అమాయకుడేం కాదు, ఆమెని గదిలోకి పిలిచారు.

"ఏమైనా చెప్పావా అక్కా?"

"చెప్పలేదు సార్. వేళ్ళు ముడిచాను."

పరీక్ష చెడింది, మళ్ళీ పెట్టాలి. నేర్పడానికి మనిషి ఉండాల్సిందేనని తేలింది. ఏడాదిలో మొదటిసారి ఆమెకి తన గుండె కొట్టుకోవడం వినపడింది. ఉండిపోవాలని అంత ఆశ ఉందని అప్పటిదాకా తనకే తెలియదు.

సారు పుస్తకం తెరిచి, నాలుగో అంచె కొట్టేసి, పైన రాశారు: చిటికెన వేలిని ముడిచి కాండానికి ఆనించవలెను. "ఇంతేగా తేడా! దిద్ది పంపేస్తే సరి. నీ మాట వాళ్ళ పుస్తకంలో ఉండిపోతుందక్కా" అన్నారు. నిజంగా సంతోషపడుతూనే అన్నారు.

మంచిదే సార్ అని ఆమె బయటికొచ్చింది. ఇక ఆ పుస్తకం ప్రకారం, అంటు కట్టడం చేతకాని చెయ్యి తనదొక్కటే.

చివరి రోజు కత్తి అప్పగించడానికి స్టోరుకి వెళ్ళింది. గుమాస్తా, ఆమె భర్తతో కలిసి తిరిగినవాడే, రిజిస్టరు ముందుకి తోశాడు. ఎడమ చెయ్యి కాగితం మీద ఆనించి సంతకం మొదలుపెట్టింది. చిటికెన వేలు ఆనని మూల ఫ్యాను గాలికి లేచి రెపరెపలాడుతోంది. గుమాస్తా ఏదో కబురు చెబుతూనే, మాటలాపకుండా, ఆ మూల మీద తన వేలు పెట్టి అదిమాడు.

సంతకం సగంలో ఆగిపోయింది. ఏడాది పైన దాగిన ఏడుపంతా అప్పుడొచ్చింది ఆమెకి. గుమాస్తాకి ఏం తప్పు చేశాడో అర్థం కాలేదు. వేలు మాత్రం తియ్యలేదు.