మా మామ వేసిన రాణి

మా మామ పోయిన నెల ఒక సోమవారం పొద్దున కన్నుమూశారు. టీ గ్లాసు చేతికిచ్చి నేను వంటింట్లోకి పోయి వచ్చేలోపే ఆయన తల పక్కకు వాలింది. మా ఆయన బంధువులకు ఫోన్లు చేస్తుంటే, ఆదోనిలోని నాటకాల కంపెనీకి కబురు చెప్పే పని నా మీద పడింది. ఫోన్ ఎత్తింది కంపెనీ నడిపే సారు. విని మెల్లగా, "మన రాణి పోయిందా తల్లీ" అన్నారు.

మామ ఎమ్మిగనూరులో మగ్గం నేసేవారు. జాతరలకు, ఉరుసులకు ఆ కంపెనీతో పోయి ఆడవేషాలు వేసేవారు. మీసం ఎప్పుడూ ఉంచలేదు. వేషానికి పోయే రోజు మా అత్త గాజులు అడిగి తీసుకునేవారు. "రాణమ్మా, గాజులేసుకుంటే సాలదు, ఆ గిన్నెలు గూడా తోమి పో" అని అత్త దెప్పేది. ఆయన నిజంగానే కూర్చుని రెండు చెంబులు తోమి, చేతులు తుడుచుకుని బస్సెక్కేవారు.

మూడేళ్ల కిందట కంపెనీ నడిపే సారు ఒక కొత్త పని తలపెట్టారు. పౌరాణిక నాటకాలకు జనం తగ్గారని, ఎలిజబెత్ రాణి కాలం నాటి ఇంగ్లీషు నాటకాన్ని ఇప్పటివాళ్లకు తగ్గట్టు తెలుగులో రాసి తెచ్చారు. పద్యాలు లేవు, హార్మోనియం లేదు, రెండు గంటల్లో అయిపోతుంది. సొంత తమ్ముళ్లే కలిసి గద్దె దింపిన ఒక రాణి కథ. ఆ కాలంలో అక్కడ కూడా ఆడవేషాలు మగవాళ్లే వేసేవారని సారు చెబితే, "అట్లయితే వాళ్లూ మనోళ్లే" అన్నారట మామ. ఆ రాణి వేషం తనకే రావాలని ఆయనకు పట్టుదల పుట్టింది.

అడ్డం ఒకటే. కళ్లకు ఆపరేషన్ అయినా చేతిరాత అక్షరాలు ఆయనకు ఆనేవి కావు. కర్నూలు నుంచి వేరే నటుణ్ణి పిలిపిద్దామని కంపెనీలో కొందరు అన్నారు. సారు నెల రోజులు గడువిచ్చారు. అంతలోపు మాటలన్నీ నోటికొస్తే వేషం మామది, లేకపోతే ఆ నటుడిది.

నేను గోనెగండ్లలో ఏడో తరగతి వరకు చదివాను. పెళ్లయి రెండేళ్లయినా మామ ఎదుట నిలబడి మాట్లాడింది లేదు. మా ఇళ్లలో కోడళ్లు మామల ముందు కూర్చోరు. నాకైతే సిగ్గు మరీ ఎక్కువ. ఒక మధ్యాహ్నం ఆయన మగ్గం గుంతలో కూర్చునే, నా వైపు చూడకుండా అడిగారు.

"ఏమ్మా, నువ్వు సదువుకున్నావంట గదా. ఈ కాగితాలు నాకు సదివి సెప్తావా? యాడ కూసోని సదివినా సరే."

నేను తలుపు వెనక కూర్చున్నాను. ఒక వాక్యం చదివితే, ఆయన పోగు తీసుకుపోయే నాడెను నాలుగుసార్లు అటూ ఇటూ విసిరి, ఆ వాక్యం తిరిగి చెప్పేవారు. తప్పు పోతే చెప్పడానికి నోరు రాక నేను చిన్నగా దగ్గేదాన్ని. "గట్టిగా సదువమ్మా, మగ్గం సప్పుడు నీ గొంతుకంటే పెద్దది గాకూడదు" అనేవారు. పద్యం లేని నాటకంలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అని మొదట దిగులుపడినా, తర్వాత ఆయనే, "పద్యం లేకుంటే మాటనే పద్యం మాదిరి మోయాల" అన్నారు. గడువుకు నాలుగు రోజుల ముందే అంతా నోటికొచ్చేసింది.

అందరి ముందు ఒప్పజెప్పే రోజు అత్త నన్ను కూడా ఆదోని తీసుకుపోయింది. గద్దె దిగిన రాణి తమ్ముళ్లతో అనే మాట వచ్చింది. "నా కళ్ల ముందే పడుగు విప్పినారు" అన్నారు మామ. సారు ఆపారు. అది పడుగు కాదు, పడగ, పాము పడగ అన్నారు.

ఆ తప్పు నాది. మగ్గం మీద సాగదీసి కట్టే నిలువు పోగులను పడుగు అంటాం. పొద్దున లేస్తే మా ఇంట్లో వినిపించే మాట అదే. నా కంటికి అదే కనిపించింది, అదే చదివాను. కొందరు నవ్వారు. ఇట్లా నేర్పిన పంతులమ్మ ఎవరు అని ఒకాయన అడిగాడు. నా వల్ల మామ వేషం పోయిందనుకున్నాను. ఆయన మాత్రం నా వైపు చూడను కూడా లేదు.

"పడగ ఇప్పేది పాము సారూ. దాని గుణమే అంత. పడుగు ఇప్పాలంటే మన ఇంట్లోకి వచ్చి, మన మగ్గం కాడ కూసోని, ఒక్కో పోగే పీకాల. అది ఇంటోళ్లకే అయితాది. ఈ రాణికి జరిగింది అదే గదా."

నవ్వు ఆగిపోయింది. సారు కాగితంలో ఆ వాక్యం మళ్లీ చదువుకున్నారు. వేషం నీదే, ఎమ్మిగనూరులో మొదటి ఆటకు అట్లే చెప్పు, జనం ఏమంటారో చూద్దాం అన్నారు.

ఎమ్మిగనూరులో ఆడిన సాయంత్రం రాణి ఆ మాట అనగానే, ముందు వరసలో ఒక ముసలమ్మ పక్కామెతో, "పడుగు ఇప్పినారంట సూడు, పాపం" అంది. ఆ తర్వాత ఎవరూ కదల్లేదు. నాలుగు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు నాటకంలోని రాణి మా వీధి మనిషైపోయింది. మర్నాడు సారు పడగ కొట్టేసి, ఎర్ర సిరాతో పడుగు అని రాశారు. ఆ కాగితాలు నా చేతికే ఇచ్చి, తెర పక్కన కుర్చీ వేయించారు. మాట మరిచినవాళ్లకు అందించే పని నాది. నేను వెనకాడితే మామ, "తలుపెనక సదివినావు, తెరెనక సదువు. ఏం తేడా?" అన్నారు. ఇప్పటికీ ఆ కుర్చీ నాదే. హాలహర్వి జాతరలో అంత జనం ముందు ఆడినప్పుడు కూడా నా గొంతు వణకలేదు.

మూడేళ్లూ రాణి వేషం మామదే. ఆ ఒక్క మాట ఆయనకు ఎన్నడూ మరపు రాలేదు. అయినా దాని ముందు ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి, తల కొద్దిగా తెర పక్కన నా కుర్చీ వైపు తిప్పేవారు. గాజులు కూడా చప్పుడు చేసేవి కావు.

వచ్చే నెల ఆదోనిలో మళ్లీ ఆ నాటకం ఉంది. అప్పుడు అనుకున్న కర్నూలు నటుడే రాణి వేస్తున్నాడు. మాటలు పట్టడానికి మధ్యాహ్నాలు మా ఇంటికి వస్తాడు. నేను గడప ఇవతల, మగ్గం పక్కనే పీట వేసుకుని గట్టిగా చదువుతాను. మామ సగం నేసిన చీర మగ్గం మీదే ఉంది. ఆ పడుగు మీదే మా ఆయన నేస్తున్నాడు. రాణి పడుగు మాట దగ్గరికి రాగానే మా ఆయన చేతిలో నాడె ఆగుతుంది.