బాన్సువాడ మీదుగా పోయే బస్సు

మొన్న మా మనవరాలు దిండ్లు వరుసగా సర్దుకుంటూ తనకు ఓసీడీ అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు, మా అక్క గుర్తొచ్చింది.

చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బండ్లు వచ్చే కాలంలో మా బోధన్‌లో ఎవరి చేతులకైనా ఆ చెరకు జిగురు ఓ పట్టాన వదిలేది కాదు, అందుకని అక్క గంటల తరబడి చేతులు కడుగుతుంటే శుభ్రత అనుకుని చుట్టాలకు గొప్పగా చెప్పుకునేవాళ్లం. అది శుభ్రత కాదు, భయం. డిచ్‌పల్లి దగ్గర పాత కుష్టు ఆసుపత్రి ఉంది కనుక, ఆ దారిన వచ్చిన బస్సును గానీ మనిషిని గానీ తాకితే తనకూ అంటుతుందని. కుష్టు మందులతో నయమయ్యే రోగమని అక్కకు తెలియక కాదు, తెలిసినా చేతులు ఆగేవి కావు. తోలు ఊడి నెత్తురు వచ్చేది. పెళ్లి మాట ఎత్తనివ్వక మా ఇంట్లోనే ఉండిపోయి, ఆ భయం తగ్గడానికి ఇరవై ఏళ్లు మందులు మింగింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో హైదరాబాదు డాక్టరొకాయన, ఏ మందూ పనిచేయని వాళ్లకు ఆఖరి ప్రయత్నంగా రేడియోసర్జరీ ఉందన్నారు. తలకు చట్రం బిగించి, కత్తి పెట్టకుండా, సన్నని కిరణాలను మెదడులో అవసరమైన చోటికే పంపుతారట. గ్యారంటీ లేదని, గుణం కనిపించినా ఏడాది పట్టవచ్చని, అంతదాకా ఆమెను బలవంతపెట్టవద్దని మరీ మరీ చెప్పారు. "నన్ను డిచ్‌పల్లి మీదికెల్లి తీస్కపోకు తమ్మీ, గదొక్కటి చెయ్యి" అని అక్క బతిమాలితే, బాన్సువాడ మీదుగా పోయే బస్సులో తీసుకెళ్లాను. చికిత్స అయింది.

తిరుగు ప్రయాణంలో బాన్సువాడ బస్సుకు ఇంకా రెండు గంటలుంది, ఎదురుగా డిచ్‌పల్లి మీదుగా పోయే నిజామాబాదు బస్సు కదలబోతోంది. తొందరపాటు నాకు పుట్టుకతో వచ్చిన గుణం. జబ్బును తలలోంచి తీసేశారు కదా, ఇక భయమేమిటనుకుని, ఇదే మన బస్సని చదువురాని అక్కకు చెప్పి ఎక్కించాను. నమ్మి ఎక్కింది, అలసటకు నిద్రపోయింది. కండక్టరు డిచ్‌పల్లి అని కేకవేయగానే కళ్లు తెరిచింది. చేతులు రెండూ ఒళ్లో ముడుచుకుని నా వైపు చూసింది.

ఇంటికొచ్చి నేను నీళ్లందించబోతే, "నువ్వు గూడ గా బస్సులనే అచ్చినవ్ గద తమ్మీ, నా చెంబు ముట్టకు" అన్నది. ఏడాది గడిచింది, మరో ఏడాదీ గడిచింది, కడగడం తగ్గలేదు. చికిత్సే పనిచేయలేదో, పనిచేసేదాన్ని నేను చెడగొట్టానో చెప్పలేమని డాక్టరు అన్నారు. చివరి రోజున కూడా అక్క గొంతులో నీళ్లు పక్కింటామె పోసింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

ఇప్పుడు డిచ్‌పల్లిలో యూనివర్సిటీ పిల్లలు కిలకిలలాడుతూ బస్సెక్కుతారు, ఆ పేరు వింటే ఎవరికీ భయం లేదు. రోడ్డు వెడల్పయింది, ప్రయాణం తొందరగా అయిపోతోందని అందరూ సంబరపడతారు. నాకు ఆ సంబరం లేదు. ఏడాది ఆగమంటే రెండు గంటలు ఆగలేకపోయిన మనిషిని నేను.