మాంగ్ కాడ్యో ఓడిన తగువులు

రోజుకొక తగువైనా పడకపోతే మాంగ్ కాడ్యోకి అన్నం సహించదు. ముప్పై ఏళ్లు ప్రయాణికుల జీప్నీ తోలాడు. బండికి హారన్ లేదన్న సంగతి ఎవరూ కనిపెట్టలేదు, ఆయన గొంతు అలాంటిది. గుండెపోటుతో ఆస్పత్రికి మోసుకెళ్తుంటే, మలుపు సరిగ్గా తిప్పలేదని స్ట్రెచర్ మోసేవాళ్లతో దెబ్బలాడాడట. బతాంగాస్‌లో మా వీధంతా ఆ కథ చెప్పుకుంటుంది.

అలాంటి మనిషి మా అమ్మమ్మ పాసింగ్ మీద పడ్డాడు!

అమ్మమ్మ చర్చి ముందు బిబింకా రొట్టెలు కాల్చి అమ్మేది. ఈమధ్య ఆమెకూ వచ్చిన గుండెపోటు నుంచి బయటపడింది గానీ కుర్చీలోంచి బయటపడలేదు. ఆమెను చూసుకోవడానికే నేను బడి మానేశాను. నడవకపోతే మళ్లీ పోటు రావచ్చని డాక్టరు హెచ్చరించాడు. ఆరోగ్య కేంద్రంలో నర్సు ఒఫెలియా గుండె రోగులకు వ్యాయామం చేయిస్తుంది, అక్కడికి రమ్మని నేనంటే, "చావడానికి అంత దూరం ఎందుకే?" అనేది అమ్మమ్మ. రాత్రిళ్లు ఆమె ఊపిరి వింటూ పడుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే గేటు దగ్గర కేక.

"పాసింగ్! నీ బిబింకా తిని నా పళ్లు కదిలాయి! చెప్పులకి అట్టలుగా అమ్ముకో!"

కుర్చీ కిర్రుమంది. ఇరవై రోజుల తర్వాత అమ్మమ్మ గుమ్మం దాటింది.

"నీకు పళ్లెక్కడివిరా, ముసలి మేకా? అవి నీ బండి నట్లు!"

నాకు ఒళ్లు మండిపోయింది. జబ్బు మనిషితోనా తగువు? అడిగే నోరు లేక తలుపు వెనక పళ్లు కొరికాను.

వారం తిరిగేసరికి ఆయన కరెంటు స్తంభం దగ్గరకు జరిగాడు. ఆ తర్వాత మంగలి కొట్టు. "పిరికి వెధవా, వెనక్కెళ్తావేం?" అంటూ అమ్మమ్మ వెంటపడేది. గొడుగు పట్టుకుని నేను. అమ్మమ్మకు తిట్టు మధ్యలో ఊపిరి అందకపోతే మాత్రం ఆయన చటుక్కున, "సరే, ఇవాళ నువ్వే గెలిచావ్. అరుగు మీద కూర్చో" అనేవాడు. మాంగ్ కాడ్యో ఓడిపోవడం మా వీధి అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

ఆరు వారాలయ్యాక ఒక పొద్దున ఆయన రాలేదు.

"నా రొట్టె మీద పెట్టే ఉప్పుగుడ్డు కుళ్లిందని నిన్న కూసి, ఇవాళ దాక్కుంటాడా!" అమ్మమ్మ బజారు దాటింది, వంతెన దాటింది, లోపల్నుంచి ఆయన గొంతు వినబడేసరికి ఆరోగ్య కేంద్రం తలుపు తోసింది. లోపల వరసలో చేతులెత్తి నిలబడి ఉన్నాడు మాంగ్ కాడ్యో.

"రండి, ఆలింగ్ పాసింగ్," అంటూ నర్సు ఒఫెలియా మర్యాదగా పిలిచి రిజిస్టరు తెరిచింది. "మీ పేరు ఆరు వారాల కిందటే రాయించాడు ఈయన."

ఆయన చొక్కా జేబులోంచి ఒక చీటీ తొంగిచూస్తోంది. తీసి చదివాను. మొదటి వారం గేటు, రెండో వారం స్తంభం, మూడో వారం మంగలి కొట్టు... అడుగున నర్సు చేతిరాత: 'నడుస్తూ మాట్లాడగలగాలి. మాట తెగితే వెంటనే ఆపించండి.'

అమ్మమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"అయితే నా రొట్టెని అన్నవన్నీ అబద్ధాలేనా?"

"వ్యాయామం వేరు, రొట్టె వేరు," అన్నాడు మాంగ్ కాడ్యో మండిపడుతూ. "అది నిజంగానే అట్ట!"

అమ్మమ్మ సంచి నా చేతికిచ్చి, వరసలో ఆయన పక్కనే నిలబడింది.

"చెయ్యి తిన్నగా ఎత్తరా, మేకా!"